పోలిక రకం

ప్రిటోరియాలోని మొక్కల రిజిస్ట్రేషను ఆఫీసు నుంచి ఫారం రెండోసారి తిరిగి వచ్చిన రోజున సిరిల్ ఆ కవరును విప్పకుండానే వంటింటి బల్ల మీద పడేసి పెరట్లోకి వెళ్లిపోయాడు. చింపి చదివింది అతని భార్య మ్యూరియెల్. మర్యాదగానే రాశారు: "పదకొండో గడి, పూరేకు రంగు. 'వాన వెలిసిన సాయంత్రపు ఆకాశం' అన్న వర్ణన పరిశీలనకు పనికిరాదు. రంగుల చార్టు ప్రకారం సంఖ్య తెలుపవలెను."

మొదటిసారి అతను ఆ గడిలో 'ఆరెంజి' అని మాత్రమే రాశాడు. ఎటువంటి ఆరెంజి అని అడిగారు. అందుకే రెండోసారి వివరంగా రాశాడు.

"వాళ్లకి కళ్లు లేవా? ఫోటో పెట్టాను కదా!" అని పెరట్లోంచి అరిచాడు సిరిల్.

"ఫోటోలో రంగును నమ్మరట. అదీ రాశారు."

అది తొంభై ఏడు నవంబరు. సిరిల్‌కి యాభై ఏడేళ్లు. అంతకు ముందు ముప్పై ఏళ్లు సీ కౌ లేక్ దగ్గర, ఉమ్గేని నది ఒడ్డున, కీత్ అనే తెల్లాయన నర్సరీలో మొక్కలకు అంట్లు కట్టాడు. తొంభై మూడులో సగం మందిని పనిలోంచి తీసేసినప్పుడు అతనూ బయటికొచ్చాడు. షాల్‌క్రాస్‌లోని సొంత పెరట్లో ఒక మందారాన్ని పుట్టించాడు. నలభై మూడు గింజలు మొలిస్తే, రెండేళ్లు పెంచి, నలభై రెండు మొక్కలను పీకి పారేశాడు. మిగిలినది ఆ ఒక్కటే. పువ్వు అరచేతికన్నా పెద్దది. పొద్దున విచ్చుకున్నప్పుడు బంగినపల్లి మామిడి రంగు, నడుమ నెత్తురు చుక్క. మధ్యాహ్నానికి అంచుల్లోంచి గులాబీ పాకుతుంది. సాయంత్రానికి కాలిన ఇటుక. మర్నాటికి రాలిపోతుంది.

"రోజులు మారాయి. ఇప్పుడు ఎవరి పని మీద వాళ్ల పేరే ఉంటుంది. రిజిస్టరు చేయించు," అని వెంటపడింది మ్యూరియెల్. చర్చిలో అందరూ కవరు మీద చేతులుంచి ప్రార్థన కూడా చేశారు. అయినా ఫారం తిరిగొచ్చింది.

పక్కింట్లో అద్దెకుంటున్న విమల ఆ అరుపులు వారం రోజులుగా వింటోంది. ఆమెది బాపట్ల. భర్త చాట్స్‌వర్త్‌లో లెక్కల టీచరు. ఆమె తోటల పెంపకంలో ఎమ్మెస్సీ చేసింది. పాస్‌పోర్టులో మాత్రం 'భర్తపై ఆధారపడిన వ్యక్తి, ఉద్యోగం చేయరాదు' అని ముద్ర ఉంది. ఏడాదిన్నరగా ఆమె ఉదయం వంట చేస్తోంది, మధ్యాహ్నం కిటికీలోంచి రోడ్డు చూస్తోంది. చివరికి ఒక రోజు ఆగలేక గోడ దగ్గరికి వచ్చింది.

"అంకుల్, ఆ ఫారం ఒకసారి నాకు చూపిస్తారా?"

వరండాలో కూర్చున్న సిరిల్ తల్లి ముత్యాలమ్మ తలెత్తింది. ఎనభై దాటిన మనిషి. ఇంట్లో తెలుగు మిగిలింది ఆవిడ నోట్లోనే. "ఈ పిల్ల మన బాస మాటాడతందిరా! ఏం సదివేవమ్మా?"

"పువ్వుల చదువు, మామ్మగారూ."

"పువ్వులకీ సదువేటి! దాసాని పువ్వుకి ఏటి సదువు సెప్తావు?"

మందారాన్ని దాసాని అనడం విని విమల నవ్వింది. ఫారం తీసుకుని గోడ మీదే పరిచి చదివింది. నలభై ఒక్క గడులు. సిరిల్ నింపినవి తొమ్మిది.

మర్నాడు ఉదయం ఆరున్నరకి స్కేలు, దారం, చదరపు గీతల పుస్తకం పట్టుకుని వచ్చింది. ఆ రోజు నుంచి క్రిస్మస్ దాకా రోజూ వచ్చింది. పువ్వు అడ్డుకొలత, రేకు పొడవు, రేకు వెడల్పు, ఆకు కాడ పొడవు, నడుమ పుప్పొడి కాడ పొడవు, తొడిమ దగ్గర పువ్వును పట్టుకుని ఉండే సన్నటి పచ్చ రెక్కల పొడవు. ఒక్కోటి పది పువ్వుల మీద కొలిచి సగటు తీయాలి. సిరిల్‌కి రెండో రోజే ఓపిక నశించింది.

"పచ్చ రెక్కలు ఎవడికి కావాలి? అవి అన్ని మందారాలకీ ఉంటాయి. అమ్మాయీ, నువ్వు పువ్వు చూడవు, స్కేలే చూస్తావు."

"అంకెగా రాస్తేనే ప్రిటోరియాలో కూర్చున్నవాళ్లకి కనిపిస్తుంది అంకుల్."

"అంకెకి వాసన ఉంటాదా?"

"మందారానికే లేదు కదా."

సిరిల్ విసురుగా లోపలికి వెళ్లిపోయాడు. మర్నాడు మాత్రం ఆమె రాకముందే పది పువ్వులకు చీటీలు కట్టి ఉంచాడు.

తల్లిదండ్రుల గడిని సిరిల్ ఖాళీగా వదిలేయమన్నాడు; మిగతావన్నీ నిండాయి, పదకొండోది తప్ప. ఆ రంగుల చార్టు కొనాలంటే ఇంగ్లండు నుంచి తెప్పించుకోవాలి. దగ్గర్లో ఉన్నది పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో, ఒక కాలేజీ లైబ్రరీలో. దాన్ని బయటికివ్వరు. పువ్వే చార్టు దగ్గరికి వెళ్లాలి. మొదటిసారి ఇద్దరూ పువ్వులు కోసి ఐసుపెట్టెలో పెట్టి తీసుకెళ్లారు. మూత తీసేసరికి చలికి రంగు కుంచించుకుపోయి, దెబ్బ తగిలిన చర్మంలా కమిలి ఉన్నాయి. గంట ప్రయాణం వృథా. 

రెండోసారి, జనవరిలో, కుండీతో సహా మొక్కను బక్కీ ట్రక్కు వెనక కట్టి, పైన దుప్పటి కప్పి బయలుదేరారు. ఇంచాంగా కొండ దగ్గర మంచు పట్టి బండి నత్తనడక నడిచింది. లైబ్రరీ చేరేసరికి తొమ్మిదిన్నర. గుమ్మం దగ్గర గార్డు కుండీకి అడ్డం నిలబడ్డాడు.

"అయికోనా, కుదరదు! మట్టి లోపలికి వద్దు."

లైబ్రేరియను వచ్చింది. ఆవిడా రూలే చెప్పింది. మట్టి లోపలికి రాకూడదు, చార్టు బయటికి పోకూడదు. సిరిల్ కుండీని నేల మీద దించి నడుం పట్టుకున్నాడు. "చూశావా? నన్ను లోపలికి రానివ్వరు, దాన్ని బయటికి రానివ్వరు. ఈ దేశంలో కొత్తగా ఏం మారింది?"

ఆ మాట లైబ్రేరియనుకు గుచ్చుకున్నట్టుంది. కిటికీ వైపు చూసి, "కిటికీ తెరుస్తాను. చార్టు నా చేతిలోనే ఉంటుంది. గది దాటినట్టు కాదు," అంది.

చార్టు అట్ట మీద, రంగును ఉత్తరపు వెలుగులో చూడాలని ఉంది. విమల బాపట్లలో చదువుకున్నదీ అదే. ఉత్తరం వైపు కిటికీ తెరిపించి, సిరిల్ చేత కుండీ ఎత్తించి, లైబ్రేరియను చేత ఒక్కో రంగు చీటీని రేకు పక్కన పెట్టించి చూడసాగింది. ఏదీ కుదరడం లేదు. ప్రతి చీటీ కన్నా పువ్వు వెలిసినట్టుగానే ఉంది. పావుగంట గడిచింది. సిరిల్ కుండీ అడుగును కిటికీ గట్టుకు ఆనించాడు.

"ఉత్తరం వెలుగు అని రాసింది ఎవడు?"

"ఇంగ్లండు వాళ్లు."

"వాళ్ల దగ్గర సూర్యుడు దక్షిణంగా తిరుగుతాడు. ఇక్కడ ఉత్తరంగా. పువ్వు మీద ఎండ నేరుగా పడుతోంది, కనబడటంలేదా? ముప్పై ఏళ్లు నర్సరీలో నీడ పందిళ్లన్నీ దక్షిణానికే వేశాను!"

విమల చీటీ మీంచి కళ్లెత్తి ఎండ వైపు చూసింది. ఎమ్మెస్సీలో ఇది ఎవరూ చెప్పలేదు. అంతలోనే, "పదండి, రేకు మారిపోతోంది!" అని కుండీ రెండో పక్క పట్టుకుంది. వాళ్లిద్దరూ భవనం చుట్టూ తిరిగి దక్షిణానికి పరిగెత్తారు. లోపల లైబ్రేరియను చార్టు గుండెకు హత్తుకుని అటే పరిగెత్తింది. కొత్త కిటికీ దగ్గర మూడో చీటీకే రేకు కుదిరింది. విమల సంఖ్య రాసుకుని, పక్కన టైము వేసింది: పది గంటల ఐదు నిమిషాలు. పన్నెండింటికి ఇంకోటి, మూడింటికి ఇంకోటి. అంతసేపూ ముగ్గురూ ఆ కిటికీ దగ్గరే ఉన్నారు. గార్డు మాత్రం గుమ్మం వదల్లేదు.

ఫారం మూడోసారి వెళ్లింది. మార్చిలో జవాబు వచ్చింది. ఈసారి తిప్పి పంపలేదు. పరిశీలనకు తీసుకున్నారు. కాకపోతే రెండు షరతులు. ఒకటి, తల్లిదండ్రుల రకాలు తెలపాలి. రెండు, దీనికి అన్నిటికన్నా దగ్గరి పోలిక ఉన్న రకాన్ని పక్కనే పెంచి, తేడా చూపించాలి. ఆ పోలిక రకం పేరు కూడా వాళ్లే రాశారు: 'షర్లీ'.

సిరిల్ ఉత్తరాన్ని రెండుగా చింపాడు.

"ఆ మొక్క నా పెరట్లో అడుగు పెట్టదు. ఫినిష్."

విమలకు ఏమీ అర్థం కాలేదు. మ్యూరియెల్ ముక్కలు ఏరుతూ చెప్పింది. 'షర్లీ' అన్నది కీత్ భార్య పేరు. ఆ మందారాన్ని పుట్టించింది సిరిల్. ఎనభై మూడులో, మధ్యాహ్నం తిండి వేళల్లో. కీత్ దాన్ని తన పేరున రిజిస్టరు చేయించుకుని భార్య పేరు పెట్టాడు. సిరిల్‌కి ఆ క్రిస్మస్‌కి ఒక కేకు ఇచ్చాడు.

"ఇంకోటి కూడా ఉంది," అన్నాడు సిరిల్, తల ఎత్తకుండా. "ఇప్పటి పువ్వుకి తల్లి అదే. పని పోయే ముందు, మా అమ్మ పెంచిన దాసాని చెట్టు పుప్పొడి అగ్గిపెట్టెలో పట్టుకెళ్లి దానికి రాశాను. చివరి రోజు కాయ జేబులో వేసుకుని వచ్చాను."

"కీత్ నర్సరీలోంచా?" అంది విమల.

"నా పువ్వులోంచి."

మ్యూరియెల్ భయపడింది. "తల్లి తెలియదు అని రాసెయ్. అది తెలిస్తే ఆయన ఇదీ నాదే అంటాడు."

మూడు వారాలు ఫారం సంగతి ఎవరూ ఎత్తలేదు. సిరిల్ మొక్కలకు నీళ్లు పోయడం కూడా మానేస్తే మ్యూరియెల్ పోసింది. విమల రెండుసార్లు వచ్చి, అతను పలక్కపోతే వెళ్లిపోయింది. మూడోసారి ఆమెకే కోపం వచ్చింది.

"మీకు అన్యాయం జరిగింది అంకుల్, కాదనను. కానీ ఫారం అడిగేది మొక్క గురించి. నాలుగు నెలలు నేను కూడా ఈ పెరట్లో నిలబడ్డాను. నాకు వేరే పని దొరక్క నిలబడ్డాననుకున్నారా?"

 ఆ శనివారం ఉదయం సిరిల్ బక్కీ తీసి సీ కౌ లేక్ వెళ్లాడు.

నర్సరీ సగం పోయింది. నది వైపు గోదాములు లేచాయి. కీత్ ముసలివాడయ్యాడు. చేతికర్ర పట్టుకుని ఎదురొచ్చి, సిరిల్ చెయ్యి గట్టిగా ఊపాడు.

"షర్లీ ఒకటి కావాలి," అన్నాడు సిరిల్.

"తీసుకెళ్లు. ఎవరూ అడగడం లేదు. రిజిస్ట్రేషను కూడా ఎప్పుడో వదిలేశాను."

"అయితే ఒక కాగితం మీద రాసివ్వండి. అది పుట్టించింది నేనని."

కీత్ మొహం మీద నవ్వు పోయింది. కోపం కూడా రాలేదు. నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "బెంచీ నాది, కుండీ నాది, నీ టైమూ నాదే సిరిల్. పని గంటల్లో చేసింది యజమానిదే. అప్పుడు అందరూ అంతే చేశారు. ఇప్పుడు దానివల్ల ఎవరికి ఏం లాభం?"

"నాకు."

"ముసలాళ్లమయ్యాం. వదిలెయ్," అని కీత్ అతని భుజం తట్టి, ఒక కుండీ తెచ్చి బక్కీలో పెట్టించాడు. సిరిల్ దారిలో రెండుసార్లు బండి ఆపి, దాన్ని కింద పడేద్దామా అనుకున్నాడు. పడెయ్యలేదు. ఆకులు వాడిపోయి ఉన్నాయి. ఇంటికి చేరగానే ముందు దానికే నీళ్లు పోశాడు.

దాని కొమ్మల నుంచి ఆరు, తన కొత్త మందారం నుంచి ఆరు మొక్కలు కట్టి, పక్కపక్కనే రెండు వరసలుగా నాటాడు. పరిశీలనకు వచ్చే అధికారి, మిస్ ఖుమాలో, తొంభై తొమ్మిది ఫిబ్రవరిలో వస్తానని రాసింది. అక్కడ ఫిబ్రవరి అంటే మంచి ఎండ కాలం. తీరా ఆమె వచ్చిన రోజు సముద్రం వైపు నుంచి చలిగాలి, తుంపర. పువ్వులన్నీ చిన్నబోయి, పాలు కలిపిన టీ రంగులో విచ్చుకున్నాయి. ఆమె తన చార్టు తీసి చూసి, ఫారం చూసి తల అడ్డంగా ఊపింది.

"మీరు రాసిన సంఖ్య ఇది కాదు."

"రేపు చూడండి. ఎండ వస్తే..."

"రేపు నేను రిచర్డ్స్ బేలో ఉండాలి సార్. ఈ రోజు కనిపించిందే ఈ రోజు రాయగలను."

"నాలుగేళ్లుగా దీన్ని చూస్తున్నాను! నువ్వు ఒక్క పొద్దు చూసి..."

మ్యూరియెల్ అతని మోచెయ్యి పట్టుకుంది. విమల తన చదరపు గీతల పుస్తకం తెచ్చి ఖుమాలో చేతిలో పెట్టింది. ఎండ, వాన, వేడి ఎంత, గంట ఎంత, ప్రతి రోజూ రాసి ఉంది. ఖుమాలో టీ చల్లారిపోయేదాకా నిలబడి అందులో పేజీలు తిప్పింది. తర్వాత తనే స్కేలు తీసుకుని వానలోకి వెళ్లి రెండు వరసలనూ కొలిచింది. వచ్చి కూర్చుని, "తల్లిదండ్రుల గడి ఖాళీగా ఉంది," అంది.

మ్యూరియెల్ భర్త వైపు చూసి తల కదిలించింది, వద్దన్నట్టు. సిరిల్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"తండ్రి, మా అమ్మ పెరటి ఎర్ర దాసాని. తల్లి, షర్లీ."

"షర్లీ పుట్టించినవారు?"

"రిజిస్టరులో కీత్ పేరు ఉంది. పుట్టించింది నేను. ఎనభై మూడులో. దాని తల్లిదండ్రులెవరో కూడా చెప్తాను, కీత్‌కి అది తెలీదు."

ఖుమాలో పెన్ను ఆపింది. "రిజిస్టరును నేను మార్చలేను. కానీ ఈ గడి మీ వాంగ్మూలం. మీరు చెప్పింది చెప్పినట్టు ప్రభుత్వ పత్రికలో అచ్చవుతుంది. అభ్యంతరం ఉన్నవాళ్లు ఆరు నెలల్లో రాయొచ్చు. ఆలోచించుకుని చెప్పండి."

"ఆలోచించాను. రాయండి."

ఆ ఆరు నెలలూ పోస్టు వచ్చినప్పుడల్లా మ్యూరియెల్ ముందుగా పరిగెత్తి కవర్లన్నీ వెతికింది. కీత్ ఏమీ రాయలేదు. చూడలేదో, చూసి ఊరుకున్నాడో వాళ్లకు ఎప్పటికీ తెలియలేదు.

మధ్యలో పేరు గొడవ ఒకటి. సిరిల్ 'దాసాని' అన్నాడు. మందారానికి మందారం అని పేరు పెడితే ఒప్పుకోరని విమల చెప్పింది. అయితే 'సీ కౌ లేక్' అన్నాడు. "సీ కౌ అంటే నీటిగుర్రం! ఆ పేరు పెట్టిన పువ్వును ఎవడు కొంటాడు?" అని మ్యూరియెల్ మొత్తుకుంది. అతను వినలేదు.

సెప్టెంబరులో హక్కు పత్రం వచ్చింది. విమల పైకి చదివి వినిపించింది. రంగు గురించి ఒకే వాక్యం: 'వాతావరణాన్ని బట్టి మారును, తేడా చూపుటకు పరిగణించలేదు.' పోలిక రకం షర్లీతో తేడా: 'తొడిమ దగ్గరి పచ్చ రెక్కలు షర్లీలో పొట్టిగా, నిటారుగా; ఇందులో పొడవుగా, వెనక్కి ఒంపు తిరిగి ఉండును.'

"పచ్చ రెక్కలా?" సిరిల్ నమ్మలేకపోయాడు. "రంగు కోసం రెండుసార్లు కొండ ఎక్కాను. కుండీ మోసి నడుం పోయింది. వాళ్లు పువ్వు కింద చూశారా?"

ముత్యాలమ్మకు మాత్రం నవ్వు ఆగలేదు. "పువ్విచ్చిన దేవుడు రెక్కలు ఊరికినే ఇచ్చేడనుకున్నావేటిరా?"

అతను కాగితం లాక్కుని తనే కూడబలుక్కుంటూ చదివాడు. తల్లిదండ్రుల గడిలో అతను చెప్పింది చెప్పినట్టు ఉంది. రెండుసార్లు చదివి, వెనక పేజీ కూడా తిప్పి చూశాడు.

"అమ్మాయీ, నీ పేరేది?"

"నా పేరు ఎందుకుంటుంది?"

"ఇదంతా నువ్వే కదా రాసింది. ఆ రెక్కలు కొలిచింది నువ్వు, నేను తిట్టాను."

"దానికి గడి లేదు అంకుల్," అంది విమల మామూలుగానే.

సిరిల్ మొహం నల్లబడింది. లేచి ఫోను దగ్గరికి వెళ్లి ఖుమాలోకి ఫోను చేశాడు. గడి లేదని ఆమె కూడా చెప్పింది. చేర్చడానికి వీల్లేదని చెప్పింది. అతను గొంతు పెంచాడు, మధ్యలో ఫోను కట్టయింది. మళ్లీ చేశాడు. ఈసారి అరవలేదు. "అయితే వేరే కాగితం మీద రాసివ్వండి. మీ ఆఫీసు ముద్రతో. ఈ వర్ణన చేసింది ఈమె అని."

ఆ ఉత్తరం రావడానికి ఐదు వారాలు పట్టింది. విమల దాన్ని జత చేసి పని అనుమతికి దరఖాస్తు పెట్టింది. ఫోటో సైజు తప్పని ఒకసారి, వైద్య పరీక్ష గడువు దాటిందని ఇంకోసారి తిరిగొచ్చింది. రెండుసార్లూ సిరిలే ఆమెను బక్కీలో ఎక్కించుకుని, ఆఫీసు క్యూలో పక్కన నిలబడి, గుమస్తాల మీద విసుక్కున్నాడు. "మీరు నోరు మూసుకుంటే పని తొందరగా అవుతుంది అంకుల్," అని ఆమె ఒకసారి అందరి ముందూ కసిరింది. అతను బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

డిసెంబరు మొదట్లో అనుమతి వచ్చింది. కొత్త సంవత్సరం నుంచి వారానికి మూడు రోజులు ఒక పరిశోధన తోటలో పని. ఆ మాట చెప్పడానికి ఆమె వచ్చేసరికి సిరిల్ పెరట్లో స్కేలు పట్టుకుని కొత్త మొలకల మధ్య వంగి ఉన్నాడు. సంతోషమేనన్నాడు. దేవుడికి స్తోత్రం అన్నాడు. ఆ తర్వాత పుస్తకం ఆమె వైపు తోసి, "ఇందులో సగటు తప్పు వస్తోంది, ఎక్కడ తప్పానో చూసి వెళ్లు," అన్నాడు.